ముప్ఫై కంప్యూటర్లు, ఒక థ ఒత్తు: ఒక హైస్కూలును విండోస్ నుంచి లినక్స్‌కు మార్చిన కేసు

2025 మార్చిలో మా పక్క మండలంలోని ఒక ఎయిడెడ్ హైస్కూలు హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "అక్టోబరు తర్వాత మా కంప్యూటర్లు పనిచేయవంట, నిజమేనా?" అని అడిగారు. పనిచేయడం ఆగదు సార్, విండోస్ 10కి ఉచితంగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయి అని చెప్పాను. "అయితే కొత్తవి కొనాల్సిందేనా?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెబుదామని వెళ్ళినవాణ్ణి దసరా సెలవులు అయ్యేదాకా ఆ స్కూలుకు తిరుగుతూనే ఉన్నాను. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విండోస్‌కు బదులు కంప్యూటర్లో ఉచితంగా ఎక్కించుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. లినక్స్ గొప్పదా విండోస్ గొప్పదా అనే వాదన నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. చిన్న ఊళ్ళలో స్కూళ్ళకు, ఆఫీసులకు కంప్యూటర్లు చూసే పనిలో నాకు అర్థమైంది వేరు. ఏ సిస్టమ్ ఉంటుంది, ఏది పోతుంది అన్నది తేలేది కంప్యూటరు లోపల కాదు. టైపు చేసే మనిషి వేళ్ళ దగ్గర, బీరువాలో పాత సీడీల దగ్గర, మూల బల్ల మీద ప్రింటరు దగ్గర తేలుతుంది. ఈ స్కూల్లో అది కళ్ళారా చూశాను.

నా పక్షం ముందే చెప్పేస్తాను. 2006లో నేను డిగ్రీ చదువుతుండగా ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్ళు దాని సీడీలను పోస్టులో ఉచితంగా పంపేవారు. షిప్‌ఇట్ అనేవారు దాన్ని, 2011 దాకా నడిచింది. పోస్ట్‌మాన్ ఆ కవరు ఇచ్చిన రోజు నాకింకా గుర్తు. అప్పటినుంచి ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నాకు ప్రేమ. అందుకే ఈ పనిలో నా ఇష్టం నా కళ్ళను కప్పకుండా ఎక్కువ జాగ్రత్త పడాల్సి వచ్చింది.

ఉన్న సరుకు

మొత్తం 31 మిషన్లు. ల్యాబులో 24, ఆఫీసు వైపు 7. ల్యాబువన్నీ 2014లో ఒకేసారి కొన్నవి: నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, పాత తిరుగుడు హార్డ్ డిస్కు. ఆఫీసులో ఆరు కూడా ఆ కాలానివే. అకౌంట్స్ గదిలో ఒక్కటి మాత్రం 2021లో కొన్నది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. అంటే 30 మిషన్లు పక్కకు పోయినట్టే. పాడై కాదు, అర్హత లేక.

డబ్బు కట్టి విండోస్ 10కి మరికొంత కాలం అప్‌డేట్లు తీసుకునే దారి ఉంది. కానీ దానికి ముందు సరైన లైసెన్సు ఉండాలి. ల్యాబులోని 24 మిషన్లలో ఒక్కదానికి కూడా లైసెన్సు కాగితం దొరకలేదు. అసెంబుల్ చేసి ఇచ్చినతను ఏదో కాపీ ఎక్కించి వెళ్ళిపోయాడు, పదేళ్ళుగా ఎవరూ అడగలేదు. అప్‌డేట్లు ఆగిపోతాయన్నప్పుడు కరస్పాండెంటు గారు పెద్దగా కదల్లేదు గానీ, ఈ మాటకు కుర్చీలో ముందుకు జరిగారు. "పిల్లలకు దొంగ సొత్తు మీద పాఠం చెబుతున్నామా?" అన్నారు. నిర్ణయం ఆ క్షణంలోనే జరిగిందని నా నమ్మకం.

లెక్క ఇలా వచ్చింది. 30 కొత్త కంప్యూటర్లు, ఒక్కోటి 38 వేల చొప్పున 11 లక్షల 40 వేలు. పాతవాటికే తలా ఒక తిరగని వేగమైన డిస్కు, అంటే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేస్తే మిషనుకు 2,200 చొప్పున 66 వేలు. తర్వాత కొనాల్సి వచ్చిన ప్రింటరుకు 14 వేలు, నా పనికి 45 వేలు. మొత్తం లక్షా పాతిక వేలు. ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే ఖర్చే ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. నేర్పే మనిషికి కూలి ఉంటుంది, నేర్చుకునే మనిషికి కాలం పడుతుంది.

రెండు వారాలు ఏమీ ఎక్కించలేదు

మొదటి రెండు వారాలు నోటు పుస్తకం పట్టుకుని ఆఫీసులో ఒక మూల కూర్చున్నాను. ఎవరు ఏ ఫైలు తెరుస్తున్నారు, ఏ సైటుకు వెళ్తున్నారు, ఏ ప్రింటరుకు పంపుతున్నారు అని రాసుకున్నాను. స్కూలు వివరాలు నింపే యూడైస్ ప్లస్, పదో తరగతి నామినల్ రోల్స్, స్కాలర్‌షిప్పులు అన్నీ బ్రౌజర్లోనే. పదేళ్ళ క్రితం ఇలాంటి సైట్లలో చాలా వాటికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కావాల్సి వచ్చేది. ఆ ఒక్క కారణంతో రెండు చోట్ల నా ప్రయత్నం ఆగిపోయింది. 2022 జూన్ 15న దానికే మద్దతు ముగిసింది. ఇప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో తెరుచుకోని సర్కారు సైటు నాకు ఈ స్కూల్లో కనిపించలేదు. లినక్స్‌కు డెస్క్‌టాప్ మీద చోటు దొరకడానికి లినక్స్‌లో జరిగిన పని ఎంత కారణమో, పనంతా బ్రౌజర్లోకి వలసపోవడం కూడా అంతే కారణం.

బ్రౌజరు బయట మిగిలినవి మూడు: టాలీ, డీటీపీ, ప్రింటర్లు. అసలు కథ ఈ మూడింటిదే.

ల్యాబు గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ కష్టం పడలేదు. లినక్స్ మింట్ 22లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను. 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, పాత మిషన్లకు బరువు కాదు. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి, డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసే క్లోన్‌జిల్లాతో మిగతా 23కి ప్రతి తీశాను. టీచరు బల్ల దగ్గర ఎపాప్టీస్ పెట్టాను. గ్రీసులో బడుల కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. పిల్లల తెరలన్నీ టీచరు తెర మీద చిన్న చిన్న కిటికీల్లా కనిపిస్తాయి. స్టెల్లేరియమ్ తెరిచి ఆ రాత్రి ఆకాశం చూపిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు. నాలుగు నిమిషాలు పట్టే బూటింగ్ ముప్ఫై ఐదు సెకన్లకు వచ్చింది. అందరూ దాన్ని లినక్స్ మహిమ అన్నారు. అందులో పెద్ద వాటా ఎస్‌ఎస్‌డీదని నేను చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

మెనూలు తెలుగులో పెట్టి చూశాను. స్వేచ్ఛ లాంటి బృందాలు, ఎందరో వాలంటీర్లు ఏళ్ళ తరబడి చేసిన అనువాదం అది. ఆరో తరగతి పిల్లలు 'దస్త్రం', 'అతికించు' అని చదువుతూ హాయిగా వాడారు. టీచర్లకు మాత్రం ఇబ్బందైంది, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు మెనూల పేర్లే ఉంటాయి మరి. చివరకు లాగిన్ దగ్గర ఏ భాష కావాలో ఎంచుకునేలా వదిలేశాను.

సీనియర్ అసిస్టెంటు గారి వేళ్ళు

ఆఫీసులో తెలుగు టైపింగంతా ఒక్కరి మీద నడుస్తుంది. ఆయన వయసు అరవై ఒకటి, టైపు మిషను నుంచి వచ్చిన మనిషి. కీబోర్డు వంక చూడకుండా, ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ టీసీ టైపు చేసేస్తారు. నేర్చుకున్నది మన డీటీపీ సెంటర్లన్నిటా వాడే యాపిల్ అనే కీబోర్డు అమరిక. పాత డీటీపీ ఫాంట్లు, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0 వచ్చింది 2001లో. ఈ స్కూల్లో 2025లోనూ రోజూ తెరుస్తున్నారు.

ఇలాంటి చోట ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకోండి, అదే ప్రామాణికం అని చెప్పడం తేలిక. నేను చెప్పను. ముప్ఫై ఏళ్ళ అలవాటును రిటైర్మెంటుకు ఏడాది ముందు మార్చుకోమనడం న్యాయం కాదు. అదృష్టం కొద్దీ ఆ అవసరం రాలేదు. లినక్స్‌లో ఎమ్17ఎన్ అని ఒక కీబోర్డుల సంచి ఉంది. తెలుగుకు అందులో ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, పోతన, ఆర్‌టీఎస్, సరళలతో పాటు యాపిల్ కూడా ఉంది. అది పెట్టి, "బాబాయ్ గారూ, ఒకసారి చూడండి" అన్నాను. మీటలు చాలావరకు ఆయనకు తెలిసిన చోటే ఉన్నాయి. రెండు లైన్లు కొట్టి ఆగిపోయారు.

"ఏమయ్యా, 'విద్యార్థి' రావట్లేదేం?"

తెరమీద 'ర' మీద గుడి ఉంది, దాని పక్కన ఎటూ అంటుకోని పొల్లు, ఆ పక్కన విడిగా 'థ'. ఇది తప్పు మీట కాదు, తప్పు వరుస. పాత ఫాంటులో అక్షరం అంటే బొమ్మ. చేత్తో రాసినట్టే ముందు 'రి' వేసి, దాని కింద థ ఒత్తు తగిలిస్తారు. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల కోడ్ల ప్రమాణం యూనికోడ్‌లో నోటితో పలికిన వరుస ఉండాలి: ర, పొల్లు, థ, ఆ తర్వాత గుడి. కంటికి గుడి ర మీదే కనిపిస్తుంది గానీ, కంప్యూటరుకు అది థ తర్వాత వస్తుంది. 'విద్యార్థి' మొత్తానికి పది కోడ్లు. వ, గుడి, ద, పొల్లు, య, దీర్ఘం, ర, పొల్లు, థ, గుడి. నేను కాగితం మీద ఈ పదీ పెట్టెలు గీసి ఇచ్చాను. ఆయన దాన్ని మానిటరు అంచున అంటించుకున్నారు. ఎనిమిది రోజులకు కాగితం తీసేశారు.

తర్వాతి ఫిర్యాదు 'టైమ్‌టేబుల్'. మామూలుగా కొడితే 'మ' కింద 'ట' ఒత్తుగా చేరి 'టైమ్టేబుల్' అవుతోంది. పొల్లు పొల్లుగానే నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక కోడు వేయాలి. "అది వేయడానికి నాకొక మీట ఇవ్వు, చిటికెన వేలికి దగ్గరలో" అన్నారు.

ఇక్కడ నాకు ఈ పనంతటిలోనూ ఎక్కువ సంతోషం కలిగింది. ఎమ్17ఎన్‌లో ప్రతి కీబోర్డూ ఒక సాదా టెక్స్ట్ ఫైలు. ఈ మీట నొక్కితే ఈ అక్షరం అని వరుసగా జతలు రాసి ఉంటాయి. యాపిల్ ఫైలు ప్రతి తీసి, ఆయన హోమ్ ఫోల్డరులో పెట్టి, ఒక్క వరుస చేర్చాను. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేలోపు ఆయన అడిగిన చోట ఆయన మీట ఉంది. ఏ కంపెనీకీ ఉత్తరం రాయలేదు, కొత్త వెర్షను కోసం ఎదురు చూడలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో 'స్వేచ్ఛ' అనే మాటకు అర్థం చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఆ మీట చూపిస్తాను.

అర్థాలా, అర్ధాలా

ఇక నా తప్పు. 2003 నుంచి పోగుపడ్డ పాత ఫైళ్ళు పదకొండు వేల పైచిలుకు: ప్రశ్నపత్రాలు, టీసీ నమూనాలు, సర్క్యులర్లు, వార్షిక సంచికలు. వాటిలో వాక్యాలు తెలుగు కాదు. ఇంగ్లీషు కోడ్ల మీద తెలుగు బొమ్మలు తొడిగినవి. ఫాంటు తీసేస్తే గజిబిజి. అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చేద్దామని పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాసుకున్నాను. పది పదిహేను ఫైళ్ళు చూస్తే బాగానే వచ్చాయి. ఉత్సాహం ఆగలేదు, అన్నిటి మీదా నడిపించేశాను.

ఆగస్టులో ఏడో తరగతి తెలుగు స్లిప్ టెస్టుకు అలా మారిన పాత పేపరు ఒకటి తీసి 120 కాపీలు వేశారు. తెలుగు పండితులు గారు ఒక కాపీ పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. "ఈ కింది పదాలకు అర్ధాలు రాయమన్నారు. పిల్లలు పదాన్ని సగానికి కోసి రాయాలా?" అన్నారు. థ ఒత్తు ఉండాల్సిన ప్రతిచోటా ధ ఒత్తు పడింది. స్కూల్లో ఆ ఫాంట్లు రెండు వెర్షన్లవి ఉన్నాయి. ఒకే కోడు వెనక ఒకదానిలో థ ఒత్తు, రెండోదానిలో ధ ఒత్తు. నా పట్టిక ఒకదాన్ని చూసి తయారైంది. 'అర్ధం' కూడా నిజమైన మాటే కాబట్టి స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. 'విద్యార్ధి' అని గోడల మీద చూసి చూసి అలవాటుపడ్డ మా కళ్ళూ పట్టుకోలేదు. అసలు ఫైళ్ళను విడిగా దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఏది రోజూ కావాలో దాన్నే మార్చాలి. సీనియర్ అసిస్టెంటు గారు, పండితులు గారు కూర్చుని ఏరితే 140 ఫైళ్ళు తేలాయి. వాటిని వర్డ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీస్‌లో కొత్తగా కట్టి, పండితులు గారే ప్రూఫు చూశారు. మిగతావాటిని పాత మిషను మీదే తెరిచి పీడీఎఫ్‌లుగా చేసి దాస్తున్నాం. చదవడానికి పనికొస్తాయి, దిద్దడానికి రావు. పాత పేజ్‌మేకరు ఫైళ్ళను లిబ్రేఆఫీస్ 2015 నుంచీ తెరవగలదు. కానీ తెరిచాక కనిపించేది ఆ ఇంగ్లీషు గజిబిజే. తాళం ఫైలు రూపంలో లేదు, అక్షరాల్లో ఉంది.

ఈ విషయంలో నేను ముందే నేర్చుకుని ఉండాల్సిన పాఠం జర్మనీలో ఉంది. 2003లో మ్యూనిక్ నగర కౌన్సిలు సుమారు 14 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని తీర్మానించింది. మనసు మార్చడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయంగా వెళ్ళి మేయరును కలిశారు. అయినా ఆగలేదు. లిమక్స్ అనే పేరుతో 2013 నాటికి పని పూర్తిచేశారు. నాలుగేళ్ళు తిరక్కుండా, 2017లో అదే కౌన్సిలు మళ్ళీ విండోస్‌కు పోదామని తీర్మానించింది. రాజకీయాలున్నాయి, ఐటీ విభాగాల మధ్య సమన్వయ లోపాలున్నాయి. కానీ మొదటి నుంచి చివరిదాకా వాళ్ళను వదలని తలనొప్పి శాఖ శాఖకూ వేరుగా పెరిగిన నమూనా పత్రాలు, మాక్రోలు, బయటి నుంచి వచ్చే వర్డ్ ఫైళ్ళు. ఉత్తరాల నమూనాల కోసమే వోల్‌మక్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. అంత పెద్ద నగరానికైనా, ఈ హైస్కూలుకైనా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం ఒక పూట పని. కాగితాలను ఒడ్డుకు చేర్చడం ఏళ్ళ పని.

పత్రిక, ప్రింటరు, టాలీ

వార్షిక సంచికకు పేజ్‌మేకర్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన స్క్రైబస్ వాడాం. పాత 1.4 వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయేవి, అందుకే ఏళ్ళ తరబడి దాని జోలికి వెళ్ళలేదు. 2017లో 1.5.3తో మన లిపులను సరిగా పేర్చే శక్తి వచ్చింది. 2024 జనవరిలో స్థిరమైన 1.6 వచ్చింది. లోపలి పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర ఫాంటు పెట్టాం. పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఊరికే పంచిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి నుంచి సూరన్న, పెద్దన, గిడుగు, గురజాడ ఫాంట్ల దాకా ఈరోజు ఏ స్కూలైనా రూపాయి కట్టకుండా, ఎవరికీ భయపడకుండా తెలుగు అచ్చు వేసుకోవచ్చు. ఊళ్ళోని ప్రెస్సులో మాత్రం "పీడీఎఫ్ వద్దు సార్, ఓపెన్ ఫైలు ఇవ్వండి" అన్నారు. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇచ్చి, పక్కన నిలబడి ప్లేటు తీయించాను. ఒత్తు ఒక్కటీ జారలేదు.

ప్రింటరు దగ్గర నేను ఓడిపోయాను. ఆఫీసులో పేరున్న కంపెనీ లేజర్ ప్రింటరు ఒకటి ఉంది, మన ఆఫీసులన్నిటా కనిపించే రకం. దానికి లినక్స్ డ్రైవరు (ప్రింటరుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) పేరుకు ఉంది, కానీ పాత 32 బిట్ తొడుగులు లేనిదే కదలదు. ఐదారు కాగితాలు వచ్చాక నిద్రపోతుంది. మూడు రోజులు దానితో పోరాడాను. పరీక్ష హాల్ టికెట్ల రోజున మొరాయించేసరికి ఇక వద్దనుకున్నాను. డ్రైవరు ఏదీ అడగని కొత్త ప్రింటరు కొనిపించాను. పాతదాన్ని అకౌంట్స్ గదిలోని విండోస్ మిషనుకు తగిలించాం, అక్కడ అది చక్కగా నడుస్తోంది. జనం దీన్ని "లినక్స్‌లో ప్రింటు రాదు" అని గుర్తుపెట్టుకుంటారు. ఆ ప్రింటరు ఎలా మాట్లాడుతుందో తయారుచేసినవాళ్ళు బయటపెట్టకపోతే ఏ సిస్టమూ చేయగలిగింది లేదని వాళ్ళకు ఎవరు చెబుతారు? కొనేముందు అడగడమే మన చేతిలో ఉన్న పని.

టాలీ మిషనును నేను ముట్టుకోలేదు. 2021 నాటి ఆ కంప్యూటరు లైసెన్సుతోనే విండోస్ 11కి మారింది. గ్నూఖాతా అని మన దేశంలోనే తయారైన స్వేచ్ఛా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, చూపించాను కూడా. కానీ ఆడిటరు గారు మార్చిలో టాలీ డేటా అడుగుతారు. ఆయన దగ్గరకు వచ్చే వంద సంస్థలూ అదే ఇస్తాయి. ఒక్క స్కూలు వేరే దారి పడితే భారమంతా ఆ స్కూలు గుమాస్తా మీదే పడుతుంది. 31లో ఒకటి విండోస్‌గా మిగిలినందుకు నాకు బాధ లేదు. ఆ ఒక్కదాన్ని కూడా లాక్కోవాలని చూసి ఉంటే 30 కూడా నిలిచేవి కావేమో.

నిలుస్తాయా అన్న బెంగ మాత్రం ఉంది. కేరళలో 2001లో మొదలైన ఐటీ@స్కూల్, 2017లో కైట్ అనే సంస్థగా మారింది. అక్కడి సర్కారు బడులన్నీ ఏళ్ళుగా గ్నూ/లినక్స్ మీదే నడుస్తున్నాయి. అక్కడ నేర్పేవాళ్ళు బయటి నుంచి వచ్చిన నాలాంటివాళ్ళు కాదు, ఆ టీచర్లలోంచే తయారైన మాస్టర్ ట్రైనర్లు. పాఠ్యపుస్తకం ఆ సాఫ్ట్‌వేర్ చుట్టూనే రాసి ఉంటుంది. మా స్కూలుకు అలాంటి గొడుగు లేదు. అందుకని లెక్కల టీచరు గారికి, ల్యాబు చూసే అమ్మాయికి క్లోన్‌జిల్లా చేతికిచ్చి, నేను చూస్తుండగా వాళ్ళ చేతే రెండు మిషన్లు చెరిపించి మళ్ళీ కట్టించాను. నవంబరులో ఒక డిస్కు పోతే నాకు ఫోన్ కూడా చేయలేదు. బాగుచేశాక చెప్పారు.

సీనియర్ అసిస్టెంటు గారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు. ఆయన సీటులోకి రాబోయే అమ్మాయి ఇప్పటికే పని నేర్చుకోవడానికి వస్తోంది. ఫోన్లో 'అమ్మ'ను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే తరం తనది, యాపిల్ కీబోర్డు పేరే వినలేదు. ఆమె లాగిన్‌లో ఆర్‌టీఎస్ పెట్టాను. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకునే తెలుగువాళ్ళు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకోవడానికి తయారుచేసుకున్న పద్ధతి అది. మొదటి రోజే టీసీ ఒకటి తప్పు లేకుండా కొట్టింది. బాబాయ్ గారు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరకు వంగి, 'విద్యార్థి' అన్న మాట మీద వేలు పెట్టి థ ఒత్తు సరిచూసి, "సరే, సంతకానికి పంపు" అన్నారు.